నడిమి కుర్చీ – 11: మిగిలిన ముక్కలు

చివరి వరుసలోంచి దగ్గు వినిపించింది కదా, పోయిన వారం అక్కడే వదిలేశాను. ఆ దగ్గు మా అమ్మది.

నడుమ వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. అమ్మది ఒక భాష, నాన్నది ఒక భాష. ముప్పై రెండేళ్ళు కాపురం చేసి కూడా ఒకరి భాష ఒకరు నేర్చుకోలేదు. ఉప్పు, నీళ్ళు, తాళం, రా, తిను, పడుకో లాంటి ఓ నలభై మాటలతో ఇల్లు నడిచిపోయింది. నలభై దాటిన ప్రతిదానికీ నేనున్నాను. నాకు మాటలు వచ్చేదాకా ఇద్దరూ ఏవో తంటాలు పడేవారట. నాకు వచ్చాక ఇక హాయిగా మానేశారు. నాలుగేళ్ళ వయసునుంచీ ఆ ఇంటికి దుబాసీని నేనే. నాన్న నన్ను చిలక అనేవాడు. నలభై మాటల్లో అదొకటి కాబట్టి అమ్మా అలాగే పిలిచేది.

చిలక అన్నారు గానీ నేనెప్పుడూ చిలక పలుకులు పలకలేదు. అటుదిటు, ఇటుదటు మార్చి చెప్పాను. ఆ మార్చి చెప్పిన మాటలనే ఇప్పుడు ఒక ఆటగా కట్టుకున్నాను. స్టేజీ మీద మూడు కుర్చీలు. ఎడమ కుర్చీ మీద నాన్న బస్సు డిపోకి తొడుక్కెళ్ళిన నూనె మరకల కోటు. కుడి కుర్చీ మీద దర్జీల కొలత టేపు, అంటే అమ్మ. నడిమి కుర్చీలో నేను. ఆ దగ్గు వినిపించిన మర్నాడు సాయంత్రం తొలి ఆట. నాన్న పోయి ఎనిమిది నెలలు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఎలా వచ్చిందో, ఆ మధ్యాహ్నం రిహార్సల్ మొత్తం చివరి వరుసలో కూర్చుని వినేసింది.

ఇంకొకరైతే గుండె జారిపోయేది. నాకేమీ అనిపించలేదు. పన్ను పీకించుకుని వచ్చాక పెదవి మనది కాదన్నట్టు ఉంటుంది చూశారా, ఎనిమిది నెలలుగా నేను మనిషి మొత్తం అలా ఉన్నాను. నాన్నను సాగనంపిన రోజు కూడా ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చాను. నాన్న వైపువాళ్ళు అమ్మతో ఏమన్నారో, అమ్మ వాళ్ళతో ఏమన్నదో చెప్పుకుంటూ తిరిగాను. ఆ రోజూ డ్యూటీయే.

అమ్మ కుర్చీల మధ్యనుంచి నడిచి వచ్చింది. అరవై ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను, గోడలకు ఇంకా ఆరని పెయింటు వాసన. తన కుట్టు కొట్టు మూసి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో టేపు వేలాడుతూనే ఉంది. చేతిలో బరువైన గుడ్డసంచి.

"ఏమిటే ఇది?"

"ఆట అమ్మా."

"పేరేం పెట్టావు?"

"రెండు నాలుకలు."

"రెండు నాలుకలుండేది పాముకే." 

చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా మూడు మెట్లూ ఎక్కి స్టేజీ మీదికి వచ్చింది. మూడు కుర్చీలనూ చూసింది. కుడి కుర్చీ మీది టేపు తీసి, అది తన కొట్టు టేపేనా అని అంకెలు చూసి, చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది తన కుర్చీ అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పక్కన బల్ల దగ్గర సౌండన్న తీగలు చుడుతున్నట్టు నటిస్తున్నాడు. హాల్లో మైకులూ స్పీకర్లూ చూసే మనిషి, ఊళ్ళో అందరికీ సౌండన్నే. ఆయనకు మా రెండు భాషలూ వచ్చు. ఈ ఆటలో ఒక తమాషా ఉంది. అసలు మాటా, నేను మార్చిన మాటా రెండు భాషల్లోనూ చెబుతాను. అమ్మ భాష వచ్చినవాళ్ళు ఒకచోట నవ్వుతారు, నాన్న భాష వచ్చినవాళ్ళు ఇంకోచోట నవ్వుతారు. రెండూ వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కడా నవ్వరు. పది రిహార్సల్స్‌లో సౌండన్న ఒక్కసారీ నవ్వలేదు.

"ఇల్లు చెప్పుల దుకాణంలా ఉందన్నారా ఆయన?" అంది అమ్మ.

"అన్నాడు."

"నువ్వొచ్చి, చెప్పులు సర్దుకోవడానికి బల్ల కొందామంటున్నాడు అని చెప్పావు. నేను మురిసిపోయి మర్నాడే కొన్నాను."

"అవును."

"వాళ్ళన్నయ్య సరిగ్గా తిండివేళకి తయారవుతాడు, సిగ్గూ శరం లేదు అని నేనంటే?"

"వచ్చేముందు ఫోన్ చేస్తే ఇంకాస్త ఎక్కువ వండుతానంటోందని చెప్పాను."

"అందుకా! వారానికి ఒకసారి వచ్చేవాడు ఫోన్లు చేసి మరీ రెండుసార్లు రావడం మొదలెట్టాడు." 

ఆ మాటకు ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. రిహార్సల్లో సౌండన్న తప్ప అందరూ పడీ పడీ నవ్వే చోటది. అమ్మ వేలితో ఒళ్ళోని టేపు అంచు నిమిరింది. ముప్పై రెండేళ్ళ కాపురాన్ని విప్పి, కుట్టు ఎక్కడెక్కడ తప్పిందో చూసుకుంటోందనుకున్నాను.

"నా కర్మ కాలి నిన్ను కట్టుకున్నాను అంటే, అలసిపోయానంటోందని చెప్పేదానివి. ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చేవారు." 

"మంచే జరిగింది కదమ్మా."

"నేనూ అదే అంటున్నా. టీ తెచ్చిస్తే తాగేదాన్ని, కోపం పోయేది. అంటే నేను కాపురం చేసింది ఆయనతోనా, నీతోనా?"

పగటిపూట నేను కోర్టులో దుబాసీ ఉద్యోగం చేస్తాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీసెయ్యను అని రోజూ పదింటికి ప్రమాణం చేస్తాను, నెల జీతం దానికే ఇస్తారు. ఇంట్లో ఎవరూ ప్రమాణం చేయించలేదు.

"సరే, అవన్నీ పోనీ," అంది అమ్మ. "ఒక్కటి మాత్రం నువ్వు ఆడి చూపించలేదు."

"ఏది?"

"ఆయన పై ఊరు డిపోకి వెళ్ళడం."

తెలుసు, అదే అడుగుతుందని తెలుసు. గంటంపావు ఆటలో నలభై మూడు మార్పులు పెట్టుకున్నాను. దీన్ని మాత్రం పెట్టలేదు. దర్శకుణ్ణీ నేనే, రాసిందీ నేనే, కాబట్టి ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళు లేరు. మీకు చెబుతాను. ఇన్ని వారాలుగా నా వెంట వస్తున్నారు, మీ దగ్గర దాచడం ఏం బాగుంటుంది?

నాకు పదకొండేళ్ళు. బడిలో స్టేజీ మీద పద్యం చెప్పాలి. నాన్న డిపోనుంచి ఆ కోటుతోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను పద్యం ఎత్తుకోగానే ఆయనకు సంతోషం పట్టలేక తన భాషలో గట్టిగా ఏదో అన్నాడు. భేష్ నా చిలకా అని, అంతే. హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవడో ఆ యాసను అలాగే దించేశాడు. మర్నాటినుంచి బడిలో నా పేరు మారిపోయింది. ఆ భాష మనిషి మా ఇంట్లో లేకపోతే బాగుండునని, ఆ పదకొండేళ్ళ పిల్ల పాపం నిజంగానే కోరుకుంది. పాపం అని ఇప్పుడు నాకు నేనే అనుకుంటున్నాను, మీరు అనుకోనక్కర్లేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున నాన్న షేవింగ్ సబ్బు మొహంతో వచ్చి, పై ఊరు డిపోలో హెడ్ మెకానిక్ పని ఇస్తున్నారు, నాలుగేళ్ళు, మీ అమ్మ వద్దంటే మానేస్తాను, అడుగు అన్నాడు. నేను అడిగాను. అమ్మ చేతిలో కత్తెర ఆపి, "ఉండమను. జీతం తక్కువైనా సరే, ఉండమను," అంది. నేను నాన్న వైపు తిరిగి చెప్పాను: వెళ్ళమంటోంది.

ఆయన తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే పట్టుకుని అమ్మను చూశాడు. తర్వాత సరేనన్నాడు. నాలుగేళ్ళు వెళ్ళాడు. మిగతా నలభై మూడూ వాళ్ళ కోసం మార్చాను, ఇది నా కోసం మార్చాను.

"ఉండమని నోరు విడిచి అడిగాను," అంటోంది అమ్మ. "పెళ్ళయ్యాక ఆయన్ని నేను అడిగింది అదొక్కటే. వినకుండా వెళ్ళిపోయారు. తిరిగొచ్చాక ఇంకేమీ అడగలేదు. వినని మనిషిని అడగడం దేనికి? ఒంట్లో బాగాలేనప్పుడు కూడా మంచినీళ్ళివ్వమని అడగలేదు, లేచి నేనే తెచ్చుకున్నాను. నువ్వు చూశావు."

చూశాను. అప్పుడు నోరు విప్పాల్సింది. మింగలేక కక్కలేక ఇరవై ఏళ్ళు గడిపాను. ఆసుపత్రిలో చివరి పదిరోజులూ ఇద్దరి మధ్య స్టూలు వేసుకుని కూర్చుని కూడా నోరు విప్పలేదు.

"ఎందుకెళ్ళారో నీకేమైనా చెప్పారా?" అంది.

"లేదు."

అమ్మ నా మొహం చూసింది. కొలత తీసుకునేటప్పుడు చూసినట్టు, మనిషిని కాక అంగుళాలను చూసినట్టు చూసింది. అప్పుడు గుడ్డసంచి విప్పింది.

అందులోంచి కొట్లో వాడే పాత టేప్ రికార్డర్ తీసింది. కుడుతూ పాటలు వినేది, దాని హ్యాండిల్‌కి ఇప్పటికీ తెల్లదారం చుట్టి ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఎడమ కుర్చీలో, నాన్న కోటు మీద పెట్టింది. తర్వాత రబ్బరు బ్యాండు వేసిన ఏడు క్యాసెట్లు.

"ఏంటమ్మా ఇవి?"

"ముక్కలు."

"ఏం ముక్కలు?"

"బట్ట కత్తిరిస్తే ముక్కలు మిగలాలి కదా. ఆయన పావుగంట మాట్లాడితే నువ్వు ఒక్కమాటలో తేల్చేసేదానివి. మిగతాదంతా ఎటు పోతోందా అనుకునేదాన్ని. పిల్లకి బద్ధకం కాబోలులే, తర్వాత ఎప్పుడైనా నేర్చుకుని విందాంలే అని, ఆయన మాటల్లో పడ్డప్పుడు ఈ బటన్ నొక్కేదాన్ని. పాటల క్యాసెట్ల మీదే రికార్డు చేశాను. నేర్చుకోవడం కుదరలేదు."

"ఇంకెవరి చేతైనా చెప్పించుకోవచ్చుగా."

"మొగుడి మాటలు ఊళ్ళోవాళ్ళ చేత చెప్పించుకుంటానా?" అంది రోషంగా. మళ్ళీ తనే హాలంతా కలయజూసి, "ఇప్పుడింక దాచేదేముంది, నువ్వెలాగూ బజార్న పెట్టావు. బాబూ!" అని కేకేసింది.

సౌండన్న ఉలిక్కిపడ్డాడు. "చెప్పండమ్మా."

"ఇందాక గుమ్మం దగ్గర ఫోన్లో ఎవరితోనో ఆయన భాషలో మాట్లాడావు కదూ? అర్థం కాకపోయినా ఆ పలుకు నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు విన్నాను. నువ్వు ఇలా వచ్చి కూర్చో. ఈ క్యాసెట్ వింటూ మా అమ్మాయి చెబుతుంది. ఒక్క మాట మార్చినా నువ్వు పట్టుకోవాలి."

"నాకెందుకమ్మా మీ ఇంటి సంగతులు..."

"కూర్చో బాబూ. మార్చకుండా చెబితే రేపు ఆట ఆడుకుంటుంది, ముందు వరసలో నేనే కూర్చుంటాను. మార్చిందా, ఆటా లేదు, ఇంటికి రావడమూ లేదు."

సౌండన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అడకత్తెరలో పోకచెక్కలా ఆయన స్టేజీ అంచున కూర్చున్నాడు. ప్లగ్గు తనే పెట్టాడు. అమ్మ ఏడింట్లోంచి ఒకటి తీసింది. వెతకలేదు, ఏది కావాలో తెలుసు. "ఇదే ముందు వినాలి. ఆయన తిరిగొచ్చిన ఏడాదిది. ఆ రోజు ఆయన మొహం ఎప్పట్లా లేదు."

నేను నడిమి కుర్చీలో కూర్చున్నాను. ఎడమన కోటు మీద టేప్ రికార్డర్, కుడిన అమ్మ. రాసుకున్నప్పుడు ఇలా రాసుకోలేదు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, వాటి బరువు నాకు తెలియడం లేదు. ఏమీ అనిపించదని ధైర్యంగానే ఉన్నాను.

బటన్ నొక్కాను. సగం పాట వచ్చి తెగిపోయింది. కుట్టుమిషన్ చప్పుడు, అది ఆగింది. గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు. తర్వాత నాన్న గొంతు. ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు. పక్కగదిలోంచి పిలిచినంత మామూలుగా ఉంది.

టేపు ఆపి చెప్పాను. "'ఏమే, బటన్ నొక్కావు కదా, చూశానులే' అంటున్నాడు."

సౌండన్న వేలెత్తాడు. "ఏమే అనలేదు. 'మొండిదానా' అన్నారు."

అలవాటు చూశారా. మొదటి మాటే మార్చేశాను, మార్చానని నాకే తెలియలేదు.

"అదీ," అంది అమ్మ. మూతి బిగించింది గానీ మొండిదానా అన్నందుకు ఆవిడకు కోపం రాలేదు. "ఆయన అలాగే అంటారు. కానివ్వు."

ఒక వాక్యం వినడం, ఆపడం, చెప్పడం. కోర్టులో చేసినట్టే చేశాను.

"'పోయినసారి కూడా చూశాను. ఎందుకు రికార్డు చేస్తున్నావో అర్థమైంది.'"

సౌండన్న తల ఊపాడు.

"'చిలక కాలేజీకి వెళ్ళింది. అది ఉండగా ఇది అడగలేను. అడిగితే అదే నీకు చెప్పాలి. నలిగిపోతుంది.'"

తల ఊపాడు.

"'నీకిప్పుడు ఒక్క ముక్కా అర్థం కాదని తెలుసు. ఫరవాలేదు. ఎప్పుడో ఒకప్పుడు దీన్ని దాని చేతే చెప్పించుకో. ఇప్పుడంటే చిన్నది, భయానికి మారుస్తుంది. పెద్దదయ్యాక మార్చకుండా చెబుతుంది.'"

ఇక్కడ సౌండన్న తల ఊపడం మర్చిపోయాడు. నేను బటన్ మీద వేలు పెట్టి అలాగే ఉన్నాను. నాన్నకు తెలుసు. నలభై మూడూ తెలుసేమో. చెప్పులబల్ల తెచ్చినప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కడే ఎందుకు నవ్వుకున్నాడో ఇప్పుడు అర్థమైంది.

"ఊఁ," అంది అమ్మ. "తర్వాత?"

నొక్కాను. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. తర్వాత టేపులో మాట లేదు. ఆగిపోయిందనుకున్నాను, కానీ చక్రాలు తిరుగుతున్నాయి. చెంచా చప్పుడు కూడా లేదు. ఆయన అక్కడ కూర్చుని జవాబు కోసం చూస్తున్నాడు.

ఆపాను.

"ఏమన్నారు?"

మార్చడానికి నాకు నాలుగు దారులు కనిపించాయి. వెంటవెంటనే, అప్పగించిన పాఠంలా. సౌండన్న కింద నేల వైపు చూస్తున్నాడు. మార్చినా ఆయన పట్టుకోడేమో అనిపించింది, అంత జాలిగా ఉన్నాడు. నాకు మొదటిసారి నా పెదవి తెలిసింది, అది వణుకుతోంది.

"'ఆ పొద్దున పై ఊరు వెళ్ళనా అని అడిగితే, నువ్వు వెళ్ళమన్నావని చిలక చెప్పింది. నిజంగా అలా అన్నావా?' అంటున్నాడమ్మా."

సౌండన్న మెల్లిగా తల ఊపాడు.

అరుస్తుందనుకున్నాను. చెంప పగలగొడుతుందనుకున్నాను, అదే మేలనుకున్నాను. అమ్మ నా వైపు చూడనేలేదు. ఎడమ కుర్చీ వైపు చూసింది, కోటునూ దాని మీది టేప్ రికార్డర్‌నూ. ఒళ్ళోని కొలత టేపు చుట్ట జారి కిందపడి, స్టేజీ మీద పొడుగ్గా విప్పుకుంది.

"ఉండమన్నాను," అంది కుర్చీతో. "జీతం తక్కువైనా సరే, ఉండమన్నాను."

తర్వాత, నా చిన్నప్పుడు భోజనాల దగ్గర చేసినట్టే, మోచేత్తో నన్ను పొడిచింది.

"చెప్పు. ఆయనకి చెప్పు."

తిరిగాను. కోటు కాలరు మీద నూనె మరక. పన్ను పీకిన మత్తు దిగేటప్పుడు ముందుగా తెలిసేది నొప్పి. అది నాకు దవడ దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పాకింది. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, నాన్న భాషలో, బడిలో అందరూ నవ్విన అదే యాసతో చెప్పాను. "ఉండమంది నాన్నా. వెళ్ళమన్నది నేను."

మళ్ళీ బటన్ నొక్కాను, ఇక ఆయనేమీ మిగల్చలేదనే అనుకున్నాను. చక్రాలు కాసేపు ఊరికే తిరిగాయి. అప్పుడు నాన్న మళ్ళీ మాట్లాడాడు, తొందర లేకుండా.

"నువ్వు వెళ్ళమనలేదు. అనలేదని నాకు ఆ పొద్దునే తెలుసు. నీ మొహం చూస్తే తెలియదా? తెలిసే వెళ్ళాను."

సౌండన్న చప్పున తలెత్తి నన్ను చూశాడు. ఈ ఒక్క ముక్క ఉన్నదున్నట్టు చెబితే నా తప్పు నా మీదనుంచి దిగిపోతుంది. దిగి వెళ్ళి, తెలిసి తెలిసి వదిలి వెళ్ళాడన్న బాధగా అమ్మ మీద పడుతుంది.

మోచెయ్యి మళ్ళీ తగిలింది.

"ఏమన్నారే?"